గురక కథ: క్రథనం నుంచి సీపాప్ దాకా

మన సమాజంలో గురక ఒక హాస్యవస్తువు. నాటకాలలో, చలనచిత్రాలలో, పెళ్ళివారి విడిదింట్లో గురక పెట్టే మనిషి కనబడితే చాలు, నవ్వులు మొదలవుతాయి. పగలు కూర్చున్నచోటనే కునికిపాట్లు పడేవానికి కుంభకర్ణుడని పేరు పెట్టి ఊరుకుంటాము. "అయ్యా, రాత్రిపూట మీకు ఊపిరి సరిగా ఆడుతోందా?" అని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్నను సరిగా అడగడానికి వైద్యశాస్త్రానికి కూడా రెండు వేల ఏళ్ళకు పైగా పట్టింది. పగలు కనిపించే మత్తుకు కారణం రాత్రిలో ఉన్నదని గ్రహించడానికి ఎవరో ఒకరు రాత్రంతా మేలుకొని, నిద్రించే మనిషిని గమనించవలసి వచ్చింది. ఆ కథ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పేరు సంగతి. ఈ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. ఆప్నియా గ్రీకు పదం. "ప్నోయె" అంటే శ్వాస. దాని ముందున్న అకారం, మన అధర్మం, అన్యాయం అనే మాటలలోని అకారం వంటిదే. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. కనుక ఆప్నియా అంటే శ్వాస లేకపోవడం. నిద్రలో కనీసం 10 సెకన్లపాటు ఊపిరి ఆగితే దానిని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. శ్వాస పూర్తిగా ఆగకుండా బాగా సన్నగిల్లిన సందర్భాలను కూడా వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. ఇవి రెండూ కలిసి గంటకు 5 నుంచి 15 వరకు ఉంటే జబ్బు స్వల్పం, 15 నుంచి 30 అయితే మధ్యమం, 30 మించితే తీవ్రం.

ఊపిరి ఎందుకు ఆగుతుంది? మన వాయునాళం చుట్టూ మృదులాస్థి కడియాలున్నాయి, అది నొక్కుకుపోదు. కాని ముక్కు వెనుక నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొంతుభాగానికి అటువంటి గట్టి చట్రం లేదు. అది కండరాలతో నిలబడే మెత్తని గొట్టం. మెలకువలో ఆ కండరాలు బిగువుగా ఉండి దారిని తెరచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. నాలుక వెనక్కు జారుతుంది, అంగిలి మెత్తటి భాగం, కొండనాలుక వాలుతాయి. దారి ఇరుకైతే గాలి ఒరుసుకొనిపోతూ గురక పుడుతుంది. పూర్తిగా మూసుకుంటే గురక కూడా ఆగుతుంది. చూసేవారు "హమ్మయ్య, గురక ఆగింది" అనుకుంటారు. నిజానికి ఆపద ఉన్నది ఆ నిశ్శబ్దంలోనే. రొమ్ము ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. చివరకు మెదడు ఉలికిపడి క్షణకాలం మేలుకొని కండరాలను బిగిస్తుంది. పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది, మళ్ళీ నిద్ర. తీవ్రంగా ఉన్నవారిలో ఇది ఒక్క రాత్రిలో కొన్ని వందలసార్లు జరగవచ్చు. తెల్లవారిన తరువాత రోగికి ఇవేవీ గుర్తుండవు. ఎనిమిది గంటలు నిద్రపోయాననే అనుకుంటాడు. అయినా పగలు తూగుతూనే ఉంటాడు.

ప్రాచీనులు దీనిని చూడలేదా? చూశారు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 15వ అధ్యాయం ధాతువుల వృద్ధిక్షయాలను గురించి చెబుతుంది. అందులో స్థౌల్యం వల్ల కలిగే బాధలను వరుసగా పేర్కొన్నారు. ఆయాసం, దప్పిక, ఆకలి, అధికమైన నిద్ర, చెమట మొదలైన వాటితోపాటు ఆ జాబితాలో "క్రథనం" అనే మాట ఒకటి ఉన్నది. సంస్కృత నిఘంటువులలో సుశ్రుతుని ప్రయోగంగా ఈ మాటకు ఇచ్చిన అర్థం, హఠాత్తుగా ఊపిరి ఆగిపోవడం. ఇదే మాటను అమరకోశం వధకు పర్యాయపదాలలో ఒకటిగా చెప్పింది. చంపడానికీ, ఊపిరి ఆగడానికీ ఒకే మాట ఉండడం ఆలోచింపజేసే విషయం. స్థూలకాయం, అతినిద్ర, ఊపిరి ఆగడం మూడింటినీ ఒకే వరుసలో నిలిపినవారు వట్టి గ్రంథపాండిత్యంతో ఆ పని చేయలేరు. రోగి పక్కన కూర్చొని చూసి ఉండాలి. చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో కూడా అతిస్థూలుని గురించి, నిద్రను గురించి ఒకేచోట చర్చ ఉన్నది. అయితే నిద్రలో ఆగే ఊపిరే పగటి మత్తుకు హేతువు అనే కార్యకారణ సంబంధాన్ని ఆ జాబితా చెప్పదు. లక్షణాలు పక్కపక్కనే ఉన్నాయి; వాటిని కలిపే దారం ఇంకా దొరకలేదు.

గ్రీకులలోనూ ఇటువంటి కథ ఒకటి ఉన్నది. నల్లసముద్రపు ఒడ్డున, నేటి టర్కీలో, హెరాక్లియా అనే పట్టణాన్ని క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దిలో డయోనీసియస్ అనే నియంత పాలించాడు. విపరీతంగా బలిసిన మనిషి. ఊపిరి అందక బాధపడేవాడు. నిద్రలో పడితే లేపడం కష్టమయ్యేది. వైద్యులు పొడవైన సన్నని సూదులు చేయించి, అతడు గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కలలో, పొట్టలో గుచ్చమన్నారు. కొవ్వు దాటి సూది లోపలి మాంసాన్ని తాకినప్పుడు మేలుకొనేవాడట. ప్రజలతో మాట్లాడవలసి వస్తే ఒక పెట్టె అడ్డం పెట్టుకొని, ముఖం మాత్రం కనబడేటట్లు కూర్చునేవాడని ఎథీనియస్ అనే గ్రీకు రచయిత రాశాడు. రాజైనా సరే, తన శరీరాన్ని చూసి జనం నవ్వుతారనే భయం అతణ్ణి వదలలేదు. ఈ జబ్బుకూ సిగ్గుకూ ఉన్న చుట్టరికం చాలా పాతది.

మన కుంభకర్ణుని విషయంలో నేను రోగనిర్ణయం చేయబోవడం లేదు; అతని నిద్రకు కారణం బ్రహ్మవాక్కు అని రామాయణమే చెప్పింది. కాని యుద్ధకాండలో అతణ్ణి మేల్కొలిపే ఘట్టం చూడండి. లేపడానికి వెళ్ళిన రాక్షసులు అతని ఉచ్ఛ్వాస నిశ్శ్వాసాల వేగానికి ఎదురు నిలవలేకపోతారు. మహాకాయం, భయంకరమైన శ్వాస, లేవగానే ఆకలి, ఎంత లేపినా తెమలని మత్తు అన్నీ ఒకే పాత్రలో చేరాయి. లోకంలో అటువంటి మనుషులను చూసినవారే ఈ వర్ణనను ఆనందించగలరు. మనం ఆనందించడంతో ఆగిపోయాము.

ఈ వ్యాధిచరిత్రలో కెల్లా విచిత్రమైన మలుపు ఒక నవల వల్ల కలిగింది. 1836–37లో చార్లెస్ డికెన్స్ "పిక్విక్ పేపర్స్" అనే నవలను నెలనెలా భాగాలుగా ప్రకటించాడు. అప్పటికి ఆయనకు ఇరవైనాలుగేళ్ళు. అందులో వార్డిల్ అనే పెద్దమనిషి దగ్గర జో అనే లావుపాటి కుర్రవాడు పనిచేస్తుంటాడు. బండి మీద కూర్చుంటే నిద్ర, వడ్డిస్తూ నిద్ర, నిలబడితే నిద్ర. తిండి మాట వినబడితే మాత్రం కళ్ళు తెరుస్తాడు. ఒకచోట తలుపు దబదబా బాదుతూనే ఉంటాడు. ఆపితే నిద్రపోతాడని యజమాని బాదుతూనే ఉండమన్నాడు. పాఠకులు నవ్వడానికి సృష్టించిన పాత్ర అది. డికెన్స్ వైద్యుడు కాడు. కాని చూసిన దానిని చూసినట్లు రాసే కన్ను ఆయనది. వైద్యులు ఆ కుర్రవాణ్ణి సుమారు 120 ఏళ్ళ తరువాత రోగిగా గుర్తించారు.

ఈలోగా కొందరు వైద్యులు సత్యానికి చాలా దగ్గరగా వచ్చారు. 1877లో లండను వైద్యుడు విలియం బ్రాడ్‌బెంట్, వృద్ధులు వెల్లకిలా పడుకొని గురక పెడుతున్నప్పుడు మధ్యమధ్య రెండు మూడు శ్వాసల కాలం నిశ్శబ్దం ఏర్పడుతుందనీ, ఆపైన ఒక్కసారిగా ఎగశ్వాసతో ఊపిరి తిరిగివస్తుందనీ రాశాడు. 1889లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ కోళ్ళు, బాతులు అమ్ముకునే ఒక వర్తకుని గురించి వివరించాడు. బేరం చేస్తూ చేస్తూనే నిద్రలోకి జారిపోయే మనిషి. కేటన్ అతడు నిద్రించేటప్పుడు కూడా చూశాడు. గొంతు మూసుకుపోవడం, రొమ్మూ పొట్టా వృథాగా పెనుగులాడడం, నిమిషానికి పైగా ఊపిరి లేక చర్మం నీలం తిరగడం, చూసేవారికి గుండె ఆగినంత పనై, చివరకు అడ్డు తొలగి గాలి ఆడడం, ఇవన్నీ రాశాడు. జంతువుల మెదడులో విద్యుత్ప్రవాహాలు ఉన్నవని 1875లో తొలిసారి కనుగొన్నవాడు కూడా ఈ కేటనే. నిద్రలో ఆగిన ఊపిరినీ, మెదడు విద్యుత్తునూ తన జీవితకాలంలోనే చూసిన ఆయనకు ఈ రెండింటినీ ఒకేసారి నమోదు చేసే సాధనం మాత్రం లేదు. అందుకు మరి డెబ్బై అయిదేళ్ళు కావలసి వచ్చింది.

అదే 1889లో లండనులో విలియం హిల్ అనే వైద్యుడు పిల్లల మందబుద్ధికి గల కొన్ని కారణాల గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు తప్పక తెలుసుకోవలసిన వ్యాసం ఇది. బడిలో తలనొప్పి అంటూ, నోటితో ఊపిరి పీలుస్తూ, రాత్రి గురక పెట్టి అటూ ఇటూ పొర్లుతూ, పొద్దున ఎండిన నోటితో లేచే పిల్లవాణ్ణి సోమరి అని వదిలేయక వైద్యునికి చూపించాలని ఆయన సారాంశం. పిల్లలలో ఈ జబ్బుకు ముఖ్యకారణం టాన్సిల్స్, ముక్కు వెనుక పెరిగే ఎడినాయిడ్స్. చాలామంది పిల్లలకు వాటిని తొలగిస్తే ఊపిరి దారి విశాలమవుతుంది. చివరి బెంచీలో తూగే పిల్లవాని సమస్య అతని బుద్ధిలో కాక గొంతులో ఉండవచ్చునని 1889లోనే ఒకరు రాసిపెట్టారు. ఆ మాట ఎన్ని బడులకు చేరిందో పాఠకులే ఊహించగలరు.

1956లో బోస్టన్ వైద్యులు సిడ్నీ బర్వెల్, ఆయన సహచరులు ఒక వ్యాసం ప్రచురించారు. వారి రోగి 51 ఏళ్ళ వ్యాపార సంస్థ ఉద్యోగి. బరువు దాదాపు 120 కిలోలు. ఒకనాడు పేకాటలో, పోకరు ఆటలో, చేతికి మూడు ఆసులు, రెండు రాజులు వచ్చాయి. అటువంటి ముక్కలు పడడం మహాభాగ్యం. ఆ ముక్కలు చేతిలో ఉండగానే నిద్రపోయాడు, ఆట పోయింది. కొద్దిరోజులకే ఆసుపత్రిలో చేరాడు. ఏళ్ళ తరబడి ఉన్న మత్తు చేయలేని పనిని ఒక పేకాట చేసింది. బర్వెల్ బృందం డికెన్స్ నవలలోని జోను గుర్తుచేసి, ఈ వ్యాధికి "పిక్వికియన్ సిండ్రోమ్" అని పేరు పెట్టింది. పేరు బాగా వ్యాపించింది. అయితే వారు ఇచ్చిన కారణం అసంపూర్ణం. కొవ్వు బరువుకు ఊపిరి సరిగా ఆడక రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకొని మత్తు కలుగుతోందని వారు భావించారు. పగటి రోగిని పరీక్షించి చేసిన నిర్ణయం అది.

రాత్రి కథ బయటపడింది 1965లో. ఫ్రాన్సులోని మార్సేలో అన్రీ గాస్తో బృందం, జర్మనీలోని ఫ్రైబుర్గులో యూంగ్, కూలో అనే వైద్యులు, విడివిడిగా, ఇటువంటి రోగులకు తీగలు తగిలించి రాత్రంతా మెదడు తరంగాలనూ శ్వాసనూ కలిపి నమోదు చేశారు. ఊపిరి పదేపదే ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ మెదడు మేలుకొంటోంది. నిద్ర ముక్కలు ముక్కలవుతోంది. పగటి మత్తు అతినిద్ర వల్ల కాక నిద్రలేమి వల్ల పుడుతున్నదని గాస్తో బృందం గ్రహించింది. ఇది తలకిందులైన సత్యం. లోకం ఎవరినైతే నిద్రపోతు అన్నదో, అతడు నిజానికి ఏళ్ళ తరబడి నిద్ర ఎరుగనివాడు!

ఇటలీలోని బొలోన్యాలో లుగారెజీ బృందం ఈ పరిశోధనను ముందుకు తీసుకుపోయింది; 1972లో రిమినీ పట్టణంలో దీనిపై అంతర్జాతీయ సదస్సు జరిగింది. అదే ఏడాది క్రిస్టియాన్ గియమినో అనే ఫ్రెంచి వైద్యుడు అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో, విలియం డిమెంట్ నడుపుతున్న నిద్రావైద్యశాలలో చేరాడు. అక్కడికి పదేళ్ళు దాటిన ఒక బాలుడు వచ్చాడు. ఆ వయసులో ఉండరానంత రక్తపోటు, తరగతిలో నిద్ర. కారణం నిద్రలో ఆగే ఊపిరి అని గియమినో చెబితే మొదట ఇతర వైద్యులు నమ్మలేదు. చివరకు చికిత్స చేయగా రక్తపోటు దిగివచ్చింది. 1976లో గియమినో, ఆయన సహచరులు "స్లీప్ ఆప్నియా" వ్యాధులకు పేరు, నిర్వచనం స్థిరపరిచారు. సన్నగా ఉన్నవారికి కూడా ఈ జబ్బు రావచ్చునని తేలిన తరువాత పిక్విక్ పేరు వెనక్కు తగ్గింది. దవడ చిన్నదైనా, గొంతు సహజంగా ఇరుకైనా చాలు.

కాని ఆనాటి చికిత్స ఏమిటి? గొంతుకు రంధ్రం. 1969లో జర్మనీలో కూలో బృందం ఈ వ్యాధికి ట్రాకియాస్టమీ చేసి చూపింది. మెడ ముందు భాగంలో వాయునాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చుతారు. పగలు దానిని మూసుకొని మాట్లాడవచ్చు, రాత్రి తెరిచి నిద్రించవచ్చు. మూసుకునే భాగాన్ని దాటి గాలి నేరుగా పోతుంది కనుక గుణం తక్షణం. కాని గురకకు మందు అడగడానికి వచ్చిన మనిషితో "మెడకు రంధ్రం పెడతాము" అంటే ఎంతమంది ఒప్పుకుంటారు? దశాబ్దం పైగా తీవ్రవ్యాధికి నమ్మదగిన చికిత్స అదొక్కటే.

దారి చూపినవాడు ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరవాసి కాలిన్ సలివాన్. అంతకుముందు కెనడాలోని టొరంటోలో నిద్రించే కుక్కల శ్వాస మీద పరిశోధన చేసి, వాటి ముఖాలకు సరిపోయే మాస్కులు తయారుచేసిన అనుభవం ఉన్నది. గాలిని కాస్త ఒత్తిడితో ముక్కులోకి పంపితే, ఆ గాలే లోపలి నుంచి గొంతు గోడలను ఎడంగా నిలబెడుతుందని ఆయన ఆలోచన. 1980 జూన్‌లో ఒక రోగి వచ్చాడు. ట్రాకియాస్టమీ తప్పదని చెప్పారు; ఆ రోగి దానికి బదులుగా ఒక రాత్రి ఈ ప్రయోగానికి ఒప్పుకున్నాడు. వాక్యూం క్లీనర్ మోటారు తీసుకొని, గాలి పీల్చే యంత్రాన్ని గాలి ఊదే యంత్రంగా మార్చి, ముక్కుకు తొడుగు అతికించారు. ఒత్తిడి పెంచగానే ఊపిరి తెరుచుకుంది, తగ్గించగానే మూసుకుంది. ఆ రాత్రి మిగిలిన భాగమంతా రోగి గాఢంగా నిద్రించాడు. అయిదుగురు రోగుల వివరాలతో సలివాన్ బృందం 1981 ఏప్రిల్‌లో లాన్సెట్ పత్రికలో వ్యాసం ప్రకటించింది. వాడిన ఒత్తిడి 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటిమట్టం, అంటే మహా అయితే ఒక గ్లాసుడు నీటి ఎత్తు. మెడకు కత్తి అవసరమైన చోట గ్లాసుడు నీటి బరువంత గాలి సరిపోయింది. దీనినే ఇంగ్లీషు పదాల తొలి అక్షరాలతో సీపాప్ అంటున్నాము.

మొదట్లో ఆ యంత్రాలు పెద్దగా మోత చేసేవి. రోగి ముక్కుకు అచ్చుపోసి మాస్కు తయారుచేసి ప్రతి రాత్రీ జిగురుతో అతికించుకునేవారు. 1980ల నడిమి నుంచి అంగడిలో అమ్మే యంత్రాలు వచ్చాయి. ఈనాటి యంత్రం ఒక లావుపాటి నిఘంటువంత ఉంటుంది. చప్పుడు దాదాపు ఉండదు.

వ్యాధి ఎంత వ్యాపించి ఉన్నదో 1993లో తెలిసింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసు ఉద్యోగులను 602 మందిని రాత్రంతా పరీక్షించగా, గంటకు 5 లేక అంతకు మించి ఆటంకాలు ఉన్నవారు పురుషులలో 24 శాతం, స్త్రీలలో 9 శాతం అని తేలింది. పగటి మత్తు కూడా తోడైనవారు పురుషులలో 4 శాతం, స్త్రీలలో 2 శాతం. మన దేశంలో, ముంబయిలో 35 నుంచి 65 ఏళ్ళ పురుషుల మీద జరిపి 2004లో ప్రకటించిన పరిశీలనలో ఈ అంకెలు వరుసగా 19.5, 7.5 శాతం. వీరిలో ఎంతమంది మన పక్క ఇళ్ళలో ఉన్నారో, ఎంతమంది మన ఇళ్ళలోనే ఉన్నారో! తెలుగువారికి "సింహాసనం", "గ్యాంగ్ లీడర్" చిత్రాల పాటలిచ్చిన బప్పి లహరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు వైద్యులు చెప్పిన కారణాలలో ఈ నిద్రాశ్వాస వ్యాధి ఒకటి. అంతవరకు ఆ పేరే వినని చాలామంది ఆ వారం పత్రికలలో చదివారు.

స్త్రీల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆడవారు గురక పెట్టడమంటే మన ఇళ్ళలో సిగ్గు. వారికి లక్షణాలు కూడా చాలాసార్లు వేరుగా ఉంటాయి: నిద్ర పట్టకపోవడం, పొద్దున తలనొప్పి, రోజంతా నిస్సత్తువ. "ఇంటి చాకిరీ, వయసు" అనే రెండు మాటలతో సరిపెట్టేస్తారు. ముట్లుడిగిన తరువాత స్త్రీలకు ఈ ప్రమాదం పెరుగుతుంది.

గుర్తించడం ఎలా? 1991లో మెల్‌బోర్న్‌లో మర్రే జాన్స్ అనే వైద్యుడు ఎనిమిది ప్రశ్నలతో పగటి మత్తును కొలిచే పద్ధతి ఇచ్చాడు: చదువుతుండగా, కారులో ప్రయాణిస్తుండగా, భోజనానంతరం కూర్చున్నప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత అని. 2008లో టొరంటో వైద్యులు మరొక ఎనిమిది ప్రశ్నలు కూర్చారు: గురక బిగ్గరగా ఉన్నదా, పగలు అలసటా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, రక్తపోటు ఉన్నదా, బరువు, వయసు 50 దాటిందా, మెడ లావా, పురుషుడా. వీటిలో మూడవ ప్రశ్నకు రోగి తనంతట జవాబు చెప్పలేడు. పక్కన పడుకున్నవారు చెప్పాలి. ఆపైన స్లీప్ స్టడీ అనే పరీక్ష. ఆసుపత్రిలో గాని, కొందరికి ఇంట్లోనే గాని చేస్తారు.

ఇక చికిత్సతో సమాధానపడడం. ఇది గ్రంథాలలో చదివిన విషయం మాత్రమే కాదు. నేను కూడా తొమ్మిదేళ్ళుగా ఈ యంత్రం పెట్టుకొనే నిద్రిస్తున్నాను. పరీక్ష కాగితంలోని అంకెల కంటె, మా ఆవిడ "మీ ఊపిరి కోసం ఎదురుచూస్తూ నేను ఎన్నో రాత్రులు లెక్కపెట్టాను" అన్న మాట నన్ను ఎక్కువ కదిలించింది. మొదటి రాత్రులు సులభం కావు. ముఖం మీద తొడుగు, ఎదురొచ్చే గాలి, ఎండే నోరు. ఇవి శరీరబాధలు, మాస్కు కొలత మార్చితే, గాలికి తేమ కలిపే నీటి తొట్టి పెడితే సర్దుకుంటాయి. సర్దుకోవడానికి కాలం పట్టేది మనసు. జీవితాంతం యంత్రమా అనే దిగులు, ఆసుపత్రి మంచం మీద పడ్డట్టు కనబడతామనే సంకోచం, బంధువుల ఇంటికి వెళితే మంచం దగ్గర ప్లగ్గు ఎక్కడుందని అడగడానికి మొహమాటం, కరెంటు పోతే ఎట్లా అనే చింత. కాని పత్రిక చదవడానికి కళ్ళజోడు పెట్టుకుంటాము, నమలడానికి కట్టుడు పళ్ళు పెట్టుకుంటాము. కళ్ళజోడు చూపును బాగుచేయదు, పెట్టుకున్నంతసేపూ చూపునిస్తుంది. ఇదీ అంతే. పెట్టుకున్న రాత్రి నిద్ర, పెట్టుకోని రాత్రి పాత కథ. ఆ పోలిక మనసుకు పట్టిన తరువాత నాకు దానితో పేచీ లేకపోయింది.

ఈ చికిత్సను గురించి ఉన్నది ఉన్నట్లు చెప్పడం మంచిది. ఇది పగటి మత్తును పోగొడుతుంది, మనసును తేలికపరుస్తుంది, రక్తపోటును కొంత తగ్గిస్తుంది. కాని అప్పటికే గుండెజబ్బు, పక్షవాతం వంటివి వచ్చిన 2,700 మందికి పైగా రోగులతో జరిపి 2016లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో, సీపాప్ వల్ల కొత్తగా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గినట్లు తేలలేదు. వారు యంత్రాన్ని వాడింది సగటున రాత్రికి 3.3 గంటలే అన్నది కూడా గమనించాలి. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ, లోపలి నురుగు పొర శిథిలమై రేణువులు శ్వాసలోకి పోవచ్చునని లక్షలాది యంత్రాలను వెనక్కు పిలిపించింది. యంత్రం ఏదైనా శుభ్రత, తనిఖీ తప్పవు.

మాస్కు పడనివారికి వేరే దారులూ ఉన్నాయి. కింది దవడను ముందుకు నిలిపే పళ్ళతొడుగు, వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, తగినవారికి శస్త్రచికిత్స. నాలుకను కదిలించే నరానికి సన్నని విద్యుత్ప్రేరణ ఇచ్చే పరికరాన్ని 2014లో అమెరికా అనుమతించింది. స్థూలకాయంతోపాటు మధ్యమ, తీవ్ర స్థాయి వ్యాధి ఉన్నవారికి టిర్జెపటైడ్ అనే సూదిమందును 2024 డిసెంబరులో అనుమతించింది. ఏది ఎవరికి తగునో వైద్యుడు చెప్పాలి. మద్యం, నిద్రమాత్రలు గొంతు కండరాలను మరింత సడలిస్తాయి కనుక గురక ఉన్నవారు వాటితో జాగ్రత్తగా ఉండాలి.

చరిత్ర మొత్తం ఒకసారి చూస్తే ఒక సంగతి స్పష్టం. ఈ జబ్బులో రోగి తన రోగానికి తాను సాక్షి కాలేడు. సుశ్రుతుని కాలం నుంచి సిడ్నీ ప్రయోగశాల దాకా, జబ్బును పట్టినవారందరూ మరొకరు నిద్రిస్తుండగా మేలుకొని ఉన్నవారే. కనుక మిత్రులారా, మీ ఇంట్లో గురక వినబడితే ఈ రాత్రి కాసేపు మేలుకొని వినండి. శబ్దం ఎంత పెద్దదని కాదు, మధ్యలో నిశ్శబ్దం వస్తున్నదా అని వినండి. వస్తే పొద్దున్నే ఆ మనిషికి నవ్వకుండా చెప్పండి. డాక్టరు దగ్గరకు తోడు వెళ్ళండి. ఆ గదిలో చూసినది చెప్పగలిగేది మీరే.

స్వస్తి.